డి డ్రైవ్‌లో నా గొంతు

ఆపరేషన్‌కు ముందు డాక్టరు నాకు వారం గడువిచ్చాడు. "ఈ వారంలో మాట్లాడాల్సినవన్నీ మాట్లాడేసుకోండి పెద్దాయనా" అన్నాడు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. ఆయన గొంతు ఆయన దగ్గరే ఉంటుంది కదా, ఎన్నయినా అంటాడు.

నేను జమ్మికుంట పత్తి మార్కెట్లో వేలం పాడిన మనిషిని. పేరు సాల్మన్. బండ్ల వరుసల మధ్య నిలబడి ధర కేకేస్తే, అవతలి గేటు దగ్గర టీ తాగుతున్న రైతు గ్లాసు పక్కన పెట్టి లేచేవాడు. ఆదివారం మా మెథడిస్టు చర్చిలో పాట ఎత్తేదీ నేనే. అలాంటి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీస్తే ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. నేను ప్రాణమే కావాలన్నాను. అప్పుడు అది పెద్ద బేరంలా అనిపించలేదు.

ఆ వారంలోనే మా చెల్లెలి బిడ్డ మహిమ ఒక పాత లాప్‌టాప్ పట్టుకొచ్చింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడుపుతుంది ఆ పిల్ల. "మామా, నీకు రోజు అక్కరకొచ్చే మాటలన్నీ గిండ్ల చెప్పు. నేను దాచిపెడ్త. రేపు బటన్ ఒత్తితే నీ గొంతే మాట్లాడ్తది" అంది.

మనిషి తన గొంతులో ఏ మాటలు దాచుకోవాలి? వెనక గదిలో కూర్చుని అవసరమైనవన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆటో నడిపేవాడికి "జర మెల్లగ పోనియ్". పాలు పోసేవాడికి "నీళ్ళు తక్కువ కలుపు". తిండి ముందు చేసుకునే ప్రార్థన. చర్చి పాటల ఎత్తుగడలు. మా కోత పండుగ నాడు జనం తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ చర్చి ముందే వేలం వేస్తాం, దాని కోసం "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి". ఇంట్లోకి కావలసినవి మరో పెద్ద మూట. మధ్యలో మా ఆవిడ రిబ్కమ్మ గిన్నెల చప్పుడు పడింది, పక్కింటి కోడి కూత పడింది, ఒకచోట వాన పడింది. మహిమ అవన్నీ తీసేస్తానంటే వద్దన్నాను. రెండేళ్ళుగా ఆ లాప్‌టాపే నా నోరు. తెర మీద చిన్న చిన్న గళ్ళు, గడికో మాట. వేలు పెడితే పలుకుతుంది.

మొన్న పత్తి రోజుల్లో అది చచ్చిపోయింది.

అప్‌డేట్ ఏదో ఎక్కుతోంది, ఆపొద్దు అని తెర మీద ఉంది. నేను ఆపలేదు. కరెంటు ఆపింది. బ్యాటరీ ఎప్పుడో ముసలిదైపోయింది కాబట్టి ఒక్క క్షణం కూడా మోయలేకపోయింది. కరెంటు వచ్చాక తెర నీలంగా వెలిగి, ఏడుపు ముఖం ఒకటి చూపించి, ఆరిపోయి, మళ్ళీ వెలిగి అదే ముఖం చూపించింది. పొద్దంతా అదే పని. నా గొంతు పోవడం అది రెండోసారి. మొదటిసారి కనీసం మత్తుమందిచ్చారు.

పత్తి రోజుల్లో నేను గడప దాటకూడదు. మెడలో ఊపిరి పీల్చుకునే రంధ్రం ఉంది, దాని మీద తెల్లగుడ్డ కట్టుకుంటాను. గాలిలో ఎగిరే పత్తి నూగు అందులోకి పోతే దగ్గు ఆగదు. మా వీధి మార్కెట్‌కు దగ్గర. ట్రాక్టర్లు పోతున్నంతసేపూ నూగు లేస్తుంది. కిటికీకి కట్టిన దోమతెర వెనక మంచం వేసుకుని దాన్ని చూస్తూ పడుకుంటాను. ఎండలో అది కిందికి రాదు, పైకీ పోదు. చూస్తూ ఉంటే పగలు కూడా కల లాగే గడుస్తుంది.

పలక ఉంది, రాస్తాను. కానీ పలక కేకేయలేదు కదా. వంటగదిలో ఉన్న మనిషికి పలక కనపడదు. ఇంకో విచిత్రం చెప్పాలి. నాకు మాట పోయాక ఊరంతా నన్ను చెవిటివాణ్ణి చేసింది. పాలు పోసేవాడు నా ముఖం మీదికి వంగి "పెద్దాయనా, పాలూ" అని అరుస్తాడు. నా చెవులు బంగారంలా ఉన్నాయని ఆ పలక మీద ఎన్నిసార్లు రాసి చూపించానో! చదివి, తలూపి, మళ్ళీ అరుస్తాడు.

రాసింది చదివి వినిపించే ఫోన్లు ఉన్నాయని మహిమ అంది. ఒకసారి పెట్టి చూపించింది కూడా. ఎవరో వార్తలు చదివే అమ్మాయి నా తరఫున "రిబ్కా, అన్నం పెట్టు" అంది. రిబ్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ ఫోను మళ్ళీ నా గదిలోకి రాకుండా చూసుకున్నాను. నా మాటలు ఇంకోచోట కాపీ చేసి పెడతానని కూడా ఆ పిల్ల మొదట్లోనే అడిగింది. పోరగాళ్ళ చేతుల్లో పడితే వాట్సాప్‌లో తిప్పుతారని నేనే ఒప్పుకోలేదు. కాబట్టి ఉన్న ఒక్క గొంతూ ఆ పెట్టెలోనే ఉంది.

మహిమ స్కూటీ మీద వచ్చి, లాప్‌టాప్ తెరిచి, కాసేపు ఏవేవో నొక్కి చూసింది. "విండోస్ మొత్తం కరాబైంది మామా. మల్ల కొత్తగ ఎక్కియ్యాలె. షాపుకు తీస్కపోత, రేపటికి చేసిస్త."

నేను మూత మీద రెండు చేతులూ పెట్టాను.

"సరే తియ్యి. నీ గొంతు నీ ఇంట్లనే ఉండనియ్" అని అక్కడే చాప మీద కూర్చుంది. రిబ్కమ్మ ముఖంలో భయం చూసి ఆమెకు వివరించింది. "ఇగో అత్తా, గిండ్ల ఇంటి లెక్క రెండు అర్రలున్నయనుకో. ముందటి అర్ర సి, లోపటి అర్ర డి. కూలింది ముందటిదే. దాన్ని కొత్తగ కడ్త. మామ గొంతు లోపటి అర్రల ఉన్నది. దాని జోలికే పోను."

రిబ్కమ్మ చాలాసేపు ఆలోచించింది. "లోపట ఊపిరాడుతదా?" అని అడిగింది.

మహిమ నవ్వింది. "ఆడుతదత్తా. ఫికర్ జెయ్యకు."

మహిమ పెన్‌డ్రైవ్ పెట్టింది. కొత్త విండోస్ అంతా ఆ వేలెడంత ముక్కలో ఉందట. తెర మీద భాష అడిగింది, దేశం అడిగింది, ఏ అర్రలో కట్టాలని అడిగింది. మహిమ ముందటి అర్ర చూపించింది. ఫైళ్ళు ఎక్కడం మొదలైంది. శాతాల లెక్క మెల్లగా పెరుగుతోంది. నేను మంచం మీద నుంచి అంకె వంక చూస్తూ, కిటికీలో నూగు వంక చూస్తూ, ఎప్పుడు కళ్ళు మూశానో తెలియదు.

మార్కెట్ యార్డులో ఒక్క బండీ లేదు. కాంటాలున్నాయి, తూచేవాళ్ళు లేరు. పత్తి కుప్పల మధ్య నా గొంతు నాకంటే ముందు నడుస్తోంది. దానికి మనిషి ఆకారమేమీ లేదు, అయినా అది నాదేనని తెలుస్తోంది. ప్రతి కుప్ప దగ్గరా ఆగి, చెయ్యి లోపలికి పెట్టి, తడి ఉందేమో చూసుకుని, ముందుకు పోతోంది. తొందర లేదు దానికి. పిలిస్తే ఆగుతుందనిపించింది. కానీ దేనితో పిలవాలి? నా దగ్గర పిలవడానికి ఉన్నది అదొక్కటే, అదేమో అక్కడ నడుస్తోంది.

"అయ్యో" అన్న మాట విని లేచాను. సగం దాటాక ఆగిపోయిందట. కావలసిన ఫైళ్ళు అందడం లేదు, ఉంటే పాడై ఉంటాయి, సరిచూసుకుని మళ్ళీ మొదలుపెట్టండి అని తెర చెబుతోంది. మహిమ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అంత దూరం కూడా పోలేదు. "డౌన్‌లోడ్ల ఏదో తప్పు పడ్డట్టున్నది. రేపు కొత్తది చేసుకొస్త" అని వెళ్ళిపోయింది.

మర్నాడు వేరే పెన్‌డ్రైవ్ తెచ్చింది. విండోస్ కూడా మళ్ళీ మొదటి నుంచి దింపుకొచ్చిందట. పెట్టింది, కొంచెం నడిచింది, ఆగింది. తీసి ఇంకో పక్క ఉన్న రంధ్రంలో పెట్టింది. అక్కడ అసలు గుర్తే పట్టలేదు. పెన్‌డ్రైవ్ వేళ్ళ మధ్య జారితే చూసుకుని, నా వైపు తిరిగింది.

"మామా, సర్వపిండి తినుకుంట లాప్‌టాప్ పట్టుకుంటున్నవా? అంత జిడ్డు జిడ్డున్నది!"

సర్వపిండి! పండ్లు సరిగా లేక నేను ఆ నూనె రొట్టెను ముట్టి ఎన్నాళ్ళయిందో! పలక అందుకుని "నేను తినలేదు" అని రాశాను. మహిమ అది చదివి, పిల్లలు అబద్ధం చెప్పినప్పుడు చూసినట్టు చూసి, పెన్‌డ్రైవ్‌ను చున్నీకి తుడుచుకుంది. మాట ఉన్న రోజుల్లో అయితే ఆ ఒక్క నింద మీద గంట సేపు వాదించేవాణ్ణి. పలక మీద వాదన నడవదు. బలపం అరిగేలోపు కోపమే చల్లారుతుంది. రిబ్కమ్మ మాత్రం ఆ మాట విననట్టు వంటగదిలోకి పోయింది. గదిలో సన్నగా కొబ్బరినూనె వాసన. తల దువ్వుకుని ఉంటుందనుకున్నాను.

ఆ రోజుల్లో రిబ్కమ్మ నా దగ్గర ఎక్కువగా కూర్చునేది. మాటల్లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకూ కొత్తే. ఆపరేషన్ తర్వాత కూడా లాప్‌టాప్ పలుకుతూనే ఉంది కదా. ఇప్పుడు పొద్దున లేస్తే చీపురు చప్పుడు, ట్రాక్టర్ల చప్పుడు, అంతే. ఒకసారి నా మెడ మీద గుడ్డ మారుస్తూ "పానం మంచిగున్నదా?" అని అడిగింది. నేను తలూపాను. "నిన్ను గాదు, దాన్ని" అని లాప్‌టాప్ వైపు చూపించింది. నాకు నవ్వొచ్చింది, బాధా కలిగింది. ఆమె లెక్కలో నేను ఒక్కణ్ణి కాదు, ఇద్దరు. ఒకడు మంచం మీద, ఒకడు ఆ పెట్టెలో. పెట్టెలోవాడికి జబ్బు చేసింది.

ఆ తర్వాత వచ్చినప్పుడు మహిమ ముఖం బాగాలేదు. రెండు పెన్‌డ్రైవ్‌లూ షాపులో వేరే కంప్యూటర్‌కు పెడితే చక్కగా నడిచాయట. అంటే తప్పు వాటిలో లేదు. "ముందు నీ గొంతు బయటికి తీసిపెడ్త మామా. తర్వాత కట్టుడు సంగతి సూద్దాం" అని ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టింది. లాప్‌టాప్ దాన్నీ పట్టలేదు. తీసింది, పెట్టింది, ఊదింది, మళ్ళీ పెట్టింది. ఒకసారి పట్టినట్టే పట్టి వదిలేసింది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైందే?" అంది రిబ్కమ్మ గుమ్మంలో నుంచి.

మహిమ నా వైపు చూడలేదు. "పెన్‌డ్రైవ్ మంచిదే, ఫైలు మంచిదే. ఇగ మిగిలింది లోపటి డిస్కే. డిస్కు పోయినట్టున్నది మామా. పీకి కరీంనగర్ తీస్కపోయి సూపిస్త. ఆడ పోయిన ఫైళ్ళు తీసేటోళ్ళున్నరు. వస్తే వస్తది. రాకపోతే..."

ఆ తర్వాత ఆమె మాటలు నాకు వినపడలేదు. నా చెవులు బంగారమే, కానీ వినపడలేదు. కిటికీలో నూగు ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. ఇక నా గొంతు ఎక్కడా లేదన్నమాట. నేను పోయాక దూరాన ఉన్న నా మనవలు వింటారనుకున్నది, చర్చిలో పాటకు ముందు పలుకుతుందనుకున్నది, ఏదీ లేదు. ఆసుపత్రిలో ఏడవలేదు నేను. అప్పుడు ఏడ్చాను. గొంతు లేని ఏడుపు మరీ అవమానం. మెడలో గుడ్డ ఎగిరెగిరి పడుతుంది, అంతే.

"మహిమా" అంది రిబ్కమ్మ. గుమ్మం పట్టుకుని నిలబడింది. "డిస్కు పోలేదే. నేనే సంపిన దాన్ని."

"ఏం జేసినవత్తా?"

"నూనె రాసిన."

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరికి జబ్బు చేసినా పాస్టర్ వచ్చి ప్రార్థన చేసి నుదుటి మీద నూనె రాస్తాడు. ఆ కొబ్బరినూనె సీసా ఒకటి మా రిబ్కమ్మ దగ్గర కూడా ఉంటుంది. నన్ను ఆపరేషన్‌కు తీసుకుపోయిన పొద్దున నా గొంతుకంతా రాసింది. నేను బతికి వచ్చాను కాబట్టి దాని మీద ఆమెకు గురి.

"నూనెనా? యాడ రాసినవ్?" మహిమకు ఇంకా అర్థం కాలేదు.

"అది బందైన్నాడే పైన మూత మీద సిలువ గుర్తు పెట్టిన. పక్కల గా బొందలున్నయి గదా... మాట బయటికొచ్చేది గాండ్లకెల్లే అనుకున్న. ఒక్కొక్క దాంట్ల చుక్క చుక్క ఏసిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు పనిగాలేదని పోయినప్పుడల్లా, నా ప్రార్థన సాల్లేదనుకున్న. మల్ల ఏసిన. నిన్న కొంచెం ఎక్కువనే ఏసిన."

మహిమ లాప్‌టాప్‌ను పక్కకు తిప్పి, రంధ్రాన్ని వెలుగుకు పెట్టి చూసింది. నోరు తెరిచింది. "అయ్యో అత్తా! గవ్వి పెన్‌డ్రైవ్ పెట్టేటి బొందలు. మాటొచ్చేటియి కావు" అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక చాప మీద వెల్లకిలా పడి నవ్వింది. పనిచేయడం లేదని నూనె, నూనె వల్ల పనిచేయక, పనిచేయలేదని మళ్ళీ నూనె. నవ్వొస్తుంది ఎవరికైనా.

నాకు రాలేదు. ఇన్ని రోజులు, ఇంత భయం, ఇప్పుడే కదా ఏడ్చాను! కోపం మెడ దాకా వచ్చి, బయటికి దారి లేక, నా చేతిలోకి దిగింది. మంచం పక్కనున్న స్టూలు మీద అరచేత్తో కొట్టాను. గ్లాసు కింద పడింది. రిబ్కమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆమె మీద ఎన్నోసార్లు అరిచాను నా కాలంలో, ఎప్పుడూ తిరిగి ఒకటి అనేది. ఈసారి మాత్రం గ్లాసు తీసి నిలబెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

మహిమ నవ్వు ఆపేసింది.  

నా మెడకు వాడే స్పిరిటు సీసా ఇంట్లో ఉండనే ఉంది. మహిమ లాప్‌టాప్ ఆపేసి, బ్యాటరీ తీసి, సన్నపుల్లకు దూది చుట్టి, స్పిరిటులో ముంచి ఒక్కో రంధ్రం తుడవడం మొదలుపెట్టింది. దూది మురికిగా జిడ్డుగా వచ్చింది. ఇంకో దూది, ఇంకో దూది. నర్సు నా మెడ శుభ్రం చేసినంత మెల్లగా చేసింది. పెన్‌డ్రైవ్ మూతిని కూడా తుడిచింది. ఆరడానికి దాన్ని ఎండ పడేచోట పెట్టి, తానూ దాని పక్కన కూర్చుంది.

"అత్తను ఏమనకు మామా" అంది. "నేను గూడ చిన్నప్పుడు పరీక్షల పెన్నుకు నూనె రాయించుకున్న."

ఎండ గోడ మీద నుంచి దిగిపోతుండగా మళ్ళీ మొదలుపెట్టింది. భాష, దేశం, ముందటి అర్ర. అంకె పెరగడం మొదలైంది. సగం దగ్గర మహిమ ఊపిరి బిగబట్టింది. అది ఆగకుండా సగం దాటింది. నేను కళ్ళు మూసుకున్నాను. లోపలి అర్రలో నా గొంతు చాప మీద కూర్చుని ఉంది. అవతల గోడ కడుతున్నవాళ్ళ తాపీ చప్పుడు వింటోంది. తలుపు ఎవరు తీస్తారా అని చూడడం లేదు, ఊరికే వింటోంది. ఎవరో పెరట్లో బిందె కడుగుతున్నారు. ఆ చప్పుడు కలలోనా బయటా అన్నది చాలాసేపు తేలలేదు. బయటే. రిబ్కమ్మ కడిగిన బిందెనే మళ్ళీ కడుగుతోంది.

"మామా! ఎక్కింది!"

తెర మీద కొత్త వెలుగు. మహిమ డి డ్రైవ్ తెరిచింది. వరుసలు వరుసలుగా నా మాటలన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి నొక్కింది. మాట రాలేదు. ఇంకోటి నొక్కింది. రాలేదు. నా ముఖం చూసి "ఆగాగు, పరేషాన్ గాకు. సౌండ్ డ్రైవర్ ఎక్కియ్యాలె, గంతే" అని తన ఫోన్ నుంచి నెట్ కలిపి ఏదో దింపింది. మళ్ళీ నొక్కింది.

"జర మెల్లగ పోనియ్" అన్నాను నేను, రెండేళ్ళ కిందటి వెనక గదిలో నుంచి, పక్కింటి కోడితో సహా.

మహిమ చప్పట్లు కొట్టింది. పెరట్లో బిందె చప్పుడు ఆగింది. కానీ ఎవరూ లోపలికి రాలేదు. నేను చెవి అటే పెట్టి కూర్చున్నాను. బిందె మళ్ళీ మొదలైంది.

ఆమెను లోపలికి పిలవాలి. గ్లాసు పడ్డందుకు కాదు, నూనెకు కాదు, ఊరికే పిలవాలి. నా పక్కన కూర్చోమనాలి. మహిమను పక్కకు జరగమని ఆ వరుసలన్నీ చూసుకుంటూ వెళ్ళాను. రిబ్కా, కండ్లద్దాలేవి. రిబ్కా, పప్పుల ఉప్పు లేదు. రిబ్కా, ఎవరో వచ్చిండ్రు సూడు. రిబ్కా, గా టీవీ బంద్ చెయ్యి. ఆమె పేరుతో ఎన్ని ఉన్నాయో! ఒక్కదానితోనూ పెరట్లో ఏడుస్తున్న మనిషిని పిలవలేను. అక్కరకొచ్చే మాటలన్నీ దాచుకున్నాననుకున్నాను. ఇప్పుడు అక్కరొచ్చింది, మాట లేదు.

మహిమ నా వేలు ఆగినచోట చూసింది. కండ్లద్దాల మాట అది. నేను రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించాను. మొదటి ముక్క ఉంచు, తక్కింది తియ్యి.

ఆ పిల్లకు వెంటనే తెలిసింది. ఏదో తెరిచింది. నా మాట తెర మీద గీతలు గీతలుగా, ఎత్తుపల్లాలుగా కనిపించింది. మొదటి ఎత్తు దగ్గర వేలు పెట్టి "గిది రిబ్కా" అంది. ఆ తర్వాత ఉన్న ఎత్తులన్నీ పట్టుకుని తుడిచేసింది. పేరు ఒక్కటే మిగిలింది. లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి, "నాకు షాపుల పనున్నది మామా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నొక్కాను.

"రిబ్కా!"

"అల్మార్ల ఉన్నయి, సూస్కో" అంది పెరట్లో నుంచి. ఆ పిలుపు రాగం కండ్లద్దాలదని ఆమెకు తెలుసు. ఒక్కో పనికి నేను ఒక్కో రాగంలో పిలుస్తానని నాకే తెలియదు.

మళ్ళీ నొక్కాను. బిందె చప్పుడు ఆగింది. తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అద్దాలు పెట్టుకునే ఉన్నవు గదా. మరేం గావాలె?"

మళ్ళీ నొక్కాను. "రిబ్కా!"

ఆమె లాప్‌టాప్ వైపు చూస్తూ తక్కిన మాట కోసం ఆగింది. ఉప్పా, నీళ్ళా, గొడుగా, ఏది తేవాలో వినడానికి తల కాస్త పక్కకు వంచింది. ఏమీ రాలేదు. ఇంకొంచెం ఆగింది. అప్పుడు లాప్‌టాప్‌ను వదిలి నా ముఖంలోకి చూసింది.

"గంతేనా?"

అంతే అని తలూపాను.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. వచ్చి మంచం అంచు మీద, నా పక్కన కూర్చుంది. 

"ఇంకోపారి పిలువు" అంది.